జేబు ఎటువైపు

"చొక్కా వేసుకున్నావా?" కౌంటర్ దగ్గర్నుంచి భర్త కేకేశాడు.

వేసుకుంది. ఆయనగారి నీలం ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, తన బట్టల మీదే, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని మరీ. ఉంగరం తీసి దారపు రీళ్ళ డబ్బాలో పడేసింది. వెనకింట్లో పొయ్యి మీద పాలున్నాయి. ఒక చెవి అటు వేసి, ఫోన్ని స్టాండుకి బిగించింది. వీడియో తీసినప్పుడల్లా ఇదే వేషం. వేషం అంటే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. "వేషమేంటి, షాపు యూనిఫారం అనుకో. చేతులు పడితే చాలు, మొహం పడకూడదు" అంటాడు. ఇంకొకరిలా కనబడ్డానికి యూనిఫారం వేసుకునే షాపు ఎక్కడుందో చెప్పండి, అని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఈలోగా పాలు పొంగుతాయి. ఎప్పుడూ అంతే, ఆమె అడగాల్సినవన్నీ పాలు పొంగే వేళకే గుర్తొస్తాయి.

అది మామగారి నాటి టైలరింగ్ షాపు. రెడీమేడ్ బట్టలొచ్చాక ఎవరూ కొత్తవి కుట్టించుకోవడం లేదు. వచ్చేవన్నీ జిప్పులు, అంచులు, చిరుగులు. అవన్నీ ఆమె పనే. కొలతలు తీసుకుని చెవి మీద పెన్సిల్ పెట్టుకునే మాస్టర్ మాత్రం ఆయన. ఆ చిల్లర పనుల్లో ఆమెకు ప్రాణమైనది ఒకటుంది, కాలర్ తిప్పడం. మెడ రాసుకుని అరిగిన కాలర్‌ని చొక్కా నుంచి జాగ్రత్తగా విప్పి, తిరగేసి, మళ్ళీ కుట్టేస్తుంది. ఇన్నేళ్ళూ లోపల దాక్కున్న కొత్త వైపు బయటికొస్తుంది. చొక్కాకి మళ్ళీ అయిదేళ్ళ ఆయుష్షు. మామగారు చేసేవాడు. ఆయన చేస్తుంటే చూసి నేర్చుకుంది. కొడుక్కి మాత్రం ఆ ఓపిక ఏనాడూ లేదు.

షాపు మూసేద్దామని భర్త అంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఉబుసుపోక ఆ పనిని ఫోన్లో తీసి పెట్టింది. నలభైమంది చూశారు. ఇంకోటి పెట్టింది, నాలుగువేలమంది చూశారు. ఇక వదల్లేదు. నమస్కారంతో మొదలుపెడితే జనం ఆగరని, మొదటి మూడు సెకన్లలోనే అరిగిన కాలర్ చూపించాలని, సాయంత్రం జనం బస్సుల్లో ఇళ్ళకెళ్ళే వేళకి పెట్టాలని, మెసేజ్ పెట్టినవాళ్ళకి గంటలోపు జవాబివ్వాలని తనంతట తనే నేర్చుకుంది. కూరగాయలు తరుగుతూ జవాబులిచ్చింది. బట్టలు ఆరేస్తూ కామెంట్లు చదివింది. "ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఆ ఫోనుతో ఏం కులుకమ్మా" అని అత్తగారు చెవిలో జోరీగలా పోరేది. ఊళ్ళూళ్ళ నుంచి పార్సిళ్ళలో చొక్కాలు రావడం మొదలయ్యాక అదే అత్తగారు పక్కింటావిడతో, "మావాడి బుర్రే బుర్రమ్మా, చచ్చిన షాపుని లేపి కూర్చోబెట్టాడు" అంది. పేజీకి 'మాస్టర్‌గారి కాలర్' అని ఆయనే పేరు పెట్టాడు. ఆ పేజీలో ఆయన చేసిన పని అదొక్కటే.

ఇందులో ఒక తిరకాసుంది. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు నాయనమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేసేది. బళ్ళో టీచరు స్కేలుతో కొట్టేది. పెళ్ళయ్యాక అత్తగారు, "ఆ చేత్తో వడ్డించకు, తినబుద్ధి కాదు" అంది. రాయడం కుడిచేతికి మారింది, వడ్డించడం మారింది. కత్తెర మాత్రం మారలేదు. కుడిచేతివాళ్ళ కత్తెరని ఎడమచేత్తో పట్టి పట్టి బొటనవేలి దగ్గర కాయ కాసింది. పేజీ నిలదొక్కుకున్నాక, ఎడమచేతివాళ్ళ కోసమే చేసిన ఎర్రపిడి కత్తెర ఒకటి తెప్పించుకుంది. మొదటిసారి దాంతో గుడ్డ కోసినప్పుడు కళ్ళు చెమర్చాయంటే నవ్వకండి. ముప్ఫై అయిదేళ్ళలో ఆ చేతిని ఎవరైనా అడిగి చేసిన వస్తువు అదొక్కటే.

భర్తది కుడిచేతి వాటమని వచ్చేపోయేవాళ్ళందరికీ తెలుసు. అందుకని, "వీడియోని అద్దంలోలాగా తిప్పి పెట్టు. ఎడమ కుడి అవుతుంది, గొడవుండదు" అన్నాడు. తిప్పింది. టేపు మీది అంకెలు తిరగబడి కనిపిస్తాయని, టేపు కనబడకుండా కొలవడం నేర్చుకుంది. నీలం చొక్కాలో తన చేతులు ఆయన చేతులైపోయాయి. "మాస్టర్‌గారూ, మీ చేతులు బంగారం" అని జనం రాస్తే, "ధన్యవాదాలు" అని ఆమే జవాబు రాసింది. ఒకరెవరో, "సన్నబడ్డట్టున్నారు, వేళకి తింటున్నారా?" అని అడిగారు. ఆరోజు ఆమె నిజంగానే వేళకి తినలేదు.

ఒకరోజు తప్పులో కాలేసింది. కాలర్ తిప్పాక, సంబరంకొద్దీ, చొక్కా మొత్తాన్ని బల్ల మీద పరిచి చూపించింది. అలవాటు ప్రకారం వీడియో తిప్పి పెట్టేసింది. అరగంటలో ఎవరో రిటైరైన పెద్దాయన రాశాడు: "యాభయ్యేళ్ళు కత్తెర పట్టినవాణ్ణి. జేబు గుండె మీదుండాలి కదా, కుడివైపుకెలా వచ్చింది? గుండీలు కూడా ఆడవాళ్ళ చొక్కాకి ఉన్నట్టున్నాయి. మాస్టర్‌గారూ, జేబు ఎటువైపు?"

ఆమెకు గుండె ఝల్లుమంది. ఆ వెంటనే, ఎందుకో తెలీదు, ఫక్కున నవ్వొచ్చింది. ఇన్నివేల మందిలో ఒక్కడైనా సరిగ్గా చూశాడు! భర్త మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "కామెంట్ తీసెయ్. ఆయన్ని బ్లాక్ చెయ్." వీడియో తీసేసింది. పెద్దాయన్ని మాత్రం బ్లాక్ చెయ్యలేదు. ఆ ప్రశ్నకి జవాబూ ఇవ్వలేదు. గంటలోపు జవాబివ్వకుండా ఆమె వదిలేసిన మొదటి ప్రశ్న అదే.

సరిగ్గా అప్పుడే ఓ కుట్టుమిషన్ల కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఆదివారం పొద్దున్న పదకొండింటికి మాస్టర్‌గారు వాళ్ళ పేజీలో లైవ్‌లో కాలర్ తిప్పి చూపించాలి. జనానికి నచ్చితే ఏడాది పొడుగునా పాఠాలు, మాస్టర్‌గారి పేరు మీద. భర్త కాళ్ళు నేల మీద ఆనలేదు. "ముందు నేను రెండు మాటలు మాట్లాడతా. తర్వాత ఫోను బల్ల మీదికి వంచుతా, అక్కణ్ణుంచి చేతులు నువ్వు. మనిద్దరం వేరేంటి?"

"లైవ్‌లో తిప్పడం కుదరదండీ. ఉన్నది ఉన్నట్టే పోతుంది."

"అయితే కుడిచేత్తో చెయ్యి. వారం రోజులుంది. నేర్చుకో."

ఎంత తేలిగ్గా అన్నాడు! ఉప్పు అందుకో అన్నట్టు. మనిద్దరం వేరేంటి అన్న మనిషికి, ఆ ఇద్దరిలో మారాల్సింది తానేమోనని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఏడుపొచ్చింది, దాని వెనకే మంట. అయినా మొదలుపెట్టింది, అలవాటు అలాంటిది. మామగారి నల్లపిడి కత్తెర కుడిచేత్తో పట్టుకుని పాత గుడ్డలు కోసింది. గీత ఒకచోటుంటే కోత ఇంకోచోటికి పోయింది. మూడోరోజు చూపుడువేలు తెగింది. "జాగ్రత్తమ్మా, ఆదివారం కట్టు కనబడకూడదు" అంది అత్తగారు.

శుక్రవారం సాయంత్రం బల్ల కింద కూతురు హోంవర్క్ రాసుకుంటోంది. ఎనిమిదేళ్ళది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. దానిదీ ఎడమచేతి వాటమే. నాయనమ్మ ఎంత సణిగినా తల్లి అడ్డం పడుతూ వచ్చింది. ఆవేళ చూస్తే పెన్సిల్ కుడిచేతిలో ఉంది. అక్షరాలు ఒకదాని మీదొకటి పడుతున్నాయి. నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ రాస్తోంది.

"అదేంటే, చెయ్యి మార్చావు?"

"నువ్వూ మార్చుకుంటున్నావుగా అమ్మా. ఇది చూపించకూడని చెయ్యంట కదా, నాయనమ్మ చెప్పింది."

వంగి, పెన్సిల్ తీసి, పిల్ల ఎడమచేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు పట్టుకుంది. తనకి అలవాటైపోయిన అవమానాన్ని తన కూతురు అక్షరాల్లా చూసి దిద్దుకుంటోంది. ఇన్నేళ్ళూ పొంగే పాల కోసం ఆగిపోయిన మాటలన్నీ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. ఈసారి లేచి పరిగెత్తాల్సిన పని ఏదీ గుర్తు రాలేదు.

ఆదివారం వచ్చింది. భర్త గడ్డం గీసుకుని సెంటు కొట్టుకున్నాడు. అత్తగారు కుర్చీ వేయించుకుని మూల కూర్చుంది. భర్త ఫోన్లో కామెంట్లు పైకి చదవడం పిచ్చుక పని. బల్ల మీద నల్లపిడి కత్తెర సిద్ధంగా ఉంది. భర్త కెమెరా ముందు నిలబడి, "ఈ కళ మా నాన్న నాకిచ్చాడు, నా చేతులే నా ఆస్తి" అని రెండు మాటలు కాస్తా ఇరవై మాటలు మాట్లాడి, ఫోను బల్ల మీదికి వంచి, పక్కకి తప్పుకుంటూ ఆమెకు సైగ చేశాడు.

నీలం చొక్కాలో ఆమె బల్ల దగ్గరికొచ్చింది. నల్లపిడి కత్తెరని పక్కకి జరిపింది. సొరుగు లాగి ఎర్రపిడి కత్తెర తీసి ఎడమచేత్తో పట్టుకుంది. భర్త కళ్ళు పెద్దవయ్యాయి. 'కత్తెర మార్చు' అని పెదాలతోనే అన్నాడు. అత్తగారు కుర్చీలోంచి సగం లేచింది. ఆమె స్టాండు మెడ పట్టుకుని ఫోన్ని పైకెత్తింది, తన మొహం పడేదాకా.

"నమస్కారం. మొదటిసారి నమస్కారంతో మొదలుపెడుతున్నాను, వెళ్ళిపోకండి. ఇన్నాళ్ళూ మీరు చూసిన చేతులివి. నావి. వీడియోలు తిప్పి పెట్టాం కాబట్టి కుడిగా కనిపించాయి. నాది ఎడమచెయ్యి. మా మామగారి దగ్గర ఈ పని నేర్చుకున్నది నేను. ఈ పేజీ నడిపేదీ, మీకు జవాబులు రాసేదీ నేనే. పాఠాలు కావాలంటే నా దగ్గరే నేర్చుకోవాలి, నా పేరు మీదే."

"ఏం చేస్తున్నావే? ఆపు!" భర్త గొంతు కంపెనీవాళ్ళకీ వినబడే ఉంటుంది.

"ఆగండి, ఇది లైవు" అంది నెమ్మదిగా. మణికట్టు గుండీలు విప్పింది. తన బట్టల మీద నుంచి నీలం చొక్కా తీసేసి, దులిపి, బల్ల మీద బారుగా పరిచింది. ఫోన్ని మళ్ళీ కిందికి వంచింది. "ఇది మావారి చొక్కా. రెండేళ్ళుగా నేను వేసుకుని వేసుకుని కాలర్ అరిగిపోయింది. ఇవాళ దీన్నే తిప్పుదాం."

ఎర్రపిడి కత్తెర మొదటి కుట్టు తెంపింది. అప్పుడు పిచ్చుక, ఎడమచేతిలో ఫోను పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

"అమ్మా, ఎవరో తాతయ్య రాశాడు. 'జేబు ఇప్పుడు సరైన వైపుంది' అంట. ఏమని జవాబివ్వను?"

ఆమె కుట్టు మీద నుంచి కళ్ళెత్తలేదు. "ఇక అటే ఉంటుంది అని రాయి. ఏ చేత్తో రాస్తావో మాత్రం నీ ఇష్టం."