పక్క సాలు

సుభానీకి కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, తర్వాతే మాట. ఆ రోజు కళ్లంలో ఎండబెట్టిన మిర్చి మధ్య తెల్లటి తాలు కాయలు చూడగానే ఆ ఏడే కోతకు దిగిన కొడుకు చెంప పగలగొట్టాడు.

"పచ్చికాయ కొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా? ఎండితే తాలేగా అయ్యేది! అడ్డగాడిదలా పెరిగావు, పండుకీ కాయకీ తేడా తెలీదా?"

"తెలీదు నాన్నా," అన్నాడు మాబు. నిజమే చెప్పాడు పాపం. సుభానీకి అది పొగరుగా వినపడి రెండో చెంపా వాయించాడు.

మాబు ఒళ్ళు దాచుకునే రకం కాదని తల్లి ఖుర్షిదాకు తెలుసు. కంట్లోనే ఏదో ఉందని అనుమానమొచ్చి, మర్నాడే నల్లపాడులో రైలెక్కించి గుంటూరు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, చుక్కల్లో ఏ అంకె కనపడుతోందని అడిగాడు. ఖుర్షిదాకు చదువు రాకపోయినా ఎర్రచుక్కల వంకర గీత తెలుస్తూనే ఉంది. మాబు మాత్రం, "అంకె ఏదండీ?" అన్నాడు.

"కడుపులో బిడ్డ మొదట ఒక్క కణమేనమ్మా," అన్నాడు డాక్టరు. "అది రెండై, నాలుగై పెరుగుతూ తలా ఒక పని నేర్చుకుంటాయి. కొన్ని చర్మమవుతాయి, కొన్ని ఎముకవుతాయి, కొన్ని కన్నవుతాయి. ఎరుపునీ పచ్చనీ విడదీసే కణాలు మీవాడికి ఆ పని సరిగ్గా నేర్చుకోలేదు. దీనికి మందు లేదు. ఆ పని నేర్పే రాత మగపిల్లలకి తల్లి నుంచే వస్తుంది. ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకేమీ తెలీదు. వాళ్ళ కొడుకుల్లో కొందరికి బయటపడుతుంది. మీ నాన్నగారికి ఉండేదా?"

"లేదండీ," అంది ఖుర్షిదా.

అప్పటికి ఆమెకు తెలిసింది అంతే. తిరుగు రైల్లో కూర్చున్నాక అసలు సంగతి తట్టింది. తన తండ్రి బుడే మిరపకోతకు దిగితే అమ్మ పక్క సాలు వదిలేది కాదు. మాటిమాటికీ ఆయన బుట్టలో చెయ్యి పెట్టేది. మొగుణ్ణి విడిచి ఒక్క సాలు దాటదని ఊరంతా ఎగతాళి చేసేవాళ్ళు. ఖుర్షిదా కూడా అది వట్టి ప్రేమే అనుకుని మురిసిపోయేది. అమ్మ ఏరి పారేసింది పచ్చికాయలన్నమాట! చచ్చేదాకా కూతురికి కూడా చెప్పకుండా మొగుడి పరువు కాచింది.

ఇప్పుడు తను నోరు విప్పితే? కూతురు జమీలాను చేసుకుంటామని చీరాల వాళ్ళు మాటిచ్చి వెళ్ళారు. పెళ్ళికొడుకు తల్లి చాంద్‌బీ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఇది చెవిన పడితే మళ్ళీ తమ గడప తొక్కదు. విప్పకపోతే కొడుక్కి దెబ్బలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఖుర్షిదా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చివరికి, కంటికేమీ లేదన్నాడని మొగుడికి చెప్పి, అమ్మ దారే పట్టింది. మళ్ళీ కోత నాడు కొడుకు పక్క సాలులో నిలబడి, అతని బుట్టలో పచ్చికాయలు ఏరి పారేయసాగింది. సుభానీ కంట పడనే పడింది.

"ఏమే, ఆ పనిదొంగని వెనకేసుకొస్తున్నావా? తప్పుకో!" అంటూ కర్ర ఎత్తాడు.

ఖుర్షిదా కొడుక్కి అడ్డంగా వచ్చింది. "కొడితే నన్ను కొట్టవయ్యా! వాడికి ఎరుపూ పచ్చా ఒకటే. మా నాన్నకీ అంతే. నా కడుపులోంచే వచ్చింది వాడికి!"

చేలో చేతులన్నీ ఆగిపోయాయి. కూలికి వచ్చిన వెంకటరావమ్మ నోరు తెరుచుకుని నిలబడింది. ఆమె నోట్లో పడ్డ మాట చీరాల చేరడానికి రైలు కూడా అక్కర్లేదు.

సుభానీ కర్ర దించాడు. "ఈ మాట ఇంట్లో చెప్పి చావకూడదటే!" అని గట్టు మీద కూలబడ్డాడు. కొడుకు మొహం చూడలేకపోయాడు.

అవతలి సాలులో కోస్తున్న జమీలా దగ్గరికొచ్చింది. "అమ్మా, నాకూ వచ్చిందా అది?"

"ఏమో తల్లీ. వచ్చుండొచ్చు, రాకపోవచ్చు."

"ఎప్పటికి తెలుస్తుంది?"

ఖుర్షిదా కూతురి తల నిమిరింది. "నీకో కొడుకు పుట్టి, వాడు మిరపకోతకి దిగినప్పుడు."

జమీలా తన సాలు వదిలేసి తమ్ముడికి రెండో పక్కన నిలబడి, అతని బుట్టలో చెయ్యి పెట్టింది.