సబ్బుబిళ్ల ఇంజన్

ఆ డబ్బా నీకెవడిచ్చిండని మీ అమ్మను అడిగిన మొదటోణ్ణి నేనే. అనుపమా, గా మాట ముందుగాల రాయి బిడ్డా. మెల్లగ చెప్త, మెల్లగనే రాయి. తలుపు జర దగ్గరికెయ్యి.

మీ అమ్మ స్వర్ణలత ఏర్‌పోర్టుకాడి హోటల్ల రూములు సర్దుతది. అక్కడ దిగినోళ్లు మరిచిపోయిన సామాను ఒక బీరువల పెడ్తరట. మూడు నెలల దాక ఎవ్వరు అడగకుంటె దొరికినోళ్లకే ఇస్తరట. గట్ల వచ్చిందట ఆ డబ్బా. నేను నమ్మలే. మూత మీద గుండ్రటి గుంత, దాని మీద రైలింజన్ నిలబడ్డ బొమ్మ. లోపల ప్లాస్టిక్ చట్రాలు, వాటికి దువ్వెన పండ్ల లెక్క అతికిన చిన్న చిన్న ముక్కలు. ఒక్కొక్కటి తెంపి అంటిస్తె టర్న్‌టేబుల్ అయితది. అంటె ఇంజన్‌ను ఎక్కిచ్చి దాని మొఖం అటుకెల్లి ఇటు తిప్పే బల్ల. రైలు షెడ్డుల నేను నూకిన బల్ల అదే. షెడ్డు పేరు మాత్రం రాయకు, ఎవడన్న చదివి నా పెన్షన్ ఆపుతడు.

మామిడిపల్లి అంత నన్ను ఇంజన్ గోపయ్య అంటది. గసొంటి ఇంట్లకు అదే బల్ల వచ్చుడేంది? ఎవరో కావాలని పంపిండ్రనుకున్న.

మీ అమ్మ బియ్యం డ్రమ్ము మూత మీద పెట్టుకొని చేసేది. కాయితం ఏ దేశపు భాషనో, దాంట్లె ఉన్న బొమ్మలు చూసుకుంట గోళ్లు కత్తిరించే దాంతోని ముక్కలు తెంపేది. పప్పు ఉడికేలోపల ఒక ముక్క, బకిట్ల నీళ్లు నిండేలోపల ఇంకో ముక్క. నేను మంచంల కండ్లు మూసినట్టు చేసి చూస్తుంటి.

"ఇంట్ల పని ఒడువది గని, చిన్నపిల్ల లెక్క బొమ్మలు కావాలె," అన్నడు మీ నాయన జగదీశ్.

"అన్నం అయింది. బట్టలు ఆరేసిన. మామకు మందులిచ్చిన. ఇంకేం పని ఉన్నదో చెప్పు."

"నేను చెప్పాల్నా? ఆడిదానికి కనవడదా?"

మీ అమ్మ గొంతు పెంచలే. "దినాం పదమూడు మంచాలు సర్దుత. మల్లొక్కనాడు పోయేసరికి పదమూడు చెదిరిపోయి ఉంటయ్. ఇంటికొస్తె గిన్నెలు, అవి గూడ గంతే. చేసినంక చేసినట్టే ఉండేది నాకొక్కటన్న ఉండొద్దా?"

నాకు నవ్వొచ్చింది. "బల్ల నూకుడు ఆడోళ్ల పని కాదు బిడ్డా, బొమ్మదైన సరే," అన్న. "ఇంజన్ సక్కగ నడుమల ఆగాలె. బరువు రెండు దిక్కుల సమానమైతె ఇద్దరు మొగోళ్లు నూకితె తిరుగుతది. జానెడు తప్పిందా, పదిమందికి గూడ కదలది."

డబ్బాల ఇంజన్ రాలే. మీ అమ్మ హోటల్ల వాడి పారేసిన సబ్బుబిళ్ల తెచ్చి బల్ల మీద పెట్టింది. జర ముందుకు, జర ఎనుకకు జరిపి ఒక్క వేలు ఆనిచ్చింది. తిరిగింది.

"ఇద్దరెందుకు మామా, నడుమల ఆపితె ఒక్కరు చాలు," అన్నది. నా దిక్కు చూడకుంట అన్నది. గా చూడకపోవుడే నాకు అనుమానం పెట్టింది.

తెల్లారి ఆమె డ్యూటీకి పోయినంక, దాని మీద కప్పిన తువ్వాల తీసిన. డబ్బాల ఇద్దరు ప్లాస్టిక్ కూలీలు వచ్చిండ్రు, చిటికెన వేలు గోరంత మనుషులు. ఒకణ్ణి గుంత ఒడ్డున నీడకు కూసోబెట్టింది. రెండోదానికి ఆకుపచ్చ గోళ్ల రంగుతోని చీర కట్టింది, కొంగు నడుముల చెక్కింది. నూకే కట్టె ఆ బొమ్మ ఎడమ భుజానికి ఆనిచ్చింది. చేతులకు కాదు, ఎడమ భుజానికి.

డబ్బా అంత దేవులాడిన. అడుగున ఒక చీటి దొరికితె నీతోనే చదివిచ్చుకున్న, యాదికున్నదా? సంతకం లక్ష్మణ్ అని చదివినవ్. సామాను గేటు దాటనీకి సూపర్‌వైజర్ పెట్టే సంతకం అది తాతా, అని గూడ చెప్పినవ్. నేను మీ నాయనకు సగమే చెప్పిన. "లక్ష్మణ్ అనేటోడు ఇచ్చిండంట రా," అన్న.

నిన్న మీ నాయన ఏమన్నడో నువ్వు గూడ విన్నవ్. "రేపు యూనిఫారం వాపసిచ్చి రా. డ్యూటీ బంద్," అన్నడు.

"యూనిఫారం ఉతికి ఆరేసిన," అన్నది మీ అమ్మ. "రేపు తొడుక్కొని పోత."

"పోతె మళ్ల ఈ గడపల కాలు పెట్టకు."

పొద్దుగాల తొడుక్కొని పోయింది. నాకు చాయ్ పోసిచ్చే పోయింది.

ఇగ అసలు మాట రాయి. లక్ష్మణ్ ఎవరో నాకు తెల్వదు, ఆయన మీద నాకు ఏ అనుమానం లేదు. ఆ బొమ్మ నా ఇంట్ల ఉండొద్దు, గంతే. షెడ్డుల చేరిన కొన్నేండ్లకే నా నడుము పడిపోయింది. మీ అవ్వ ముత్తమ్మ నాకు సద్ది తెచ్చేది. ఒకనాడు సద్ది నా ముందట పెట్టి, కొంగు చెక్కి, నేను నూకే కట్టె పట్టుకున్నది. మిస్త్రీ బాలమల్లు చూసి, "ఇంజన్ తిరిగితె చాలు, పేరు గోపయ్యదే రాస్త," అన్నడు. నా నడుము కుదుటపడేదాక, మూడేండ్లు బిడ్డా. హాజరు పట్టీల నా పేరు, కట్టె మీద ఆమె భుజం. నేను నీడకు కూసోని, తినుకుంట, ఇంజన్ ఇంకా జానెడు ఎనుకకు జరగాలె అని చెప్పేటోణ్ణి. మళ్ల ఇంటికొచ్చి అన్నం ఆమెనే వండేది. నేను రిటైరైన నాడు నాకు దండేసి శాలువ కప్పిండ్రు. ఆమె తలుపుకాడ నిలబడి అందరికి చాయ్‌లిచ్చింది.

ఆమె భుజం మీద నల్లగ కాయ కాసింది. ఏందని పిల్లలు అడిగితె, కట్టెలు మోసి మోసి అని నేనే చెప్పిన. ఆమె కాదనలే. ఈ ఏర్‌పోర్టుల విమానాలు మొదలైన ఏడాది మీ అవ్వ మంచం పట్టినప్పుడు, ఆ భుజానికి దినాం నూనె రాసింది మీ అమ్మనే. ఆ కాయ ఎట్ల కాసిందో అడిగి ఉంటది. నేను గాని మీ నాయన గాని ఒక్కసారన్న సక్కగ అడగలే, ఆమె అడిగి ఉంటది.

పొద్దు గూకకముందే మీ నాయన వస్తడు. మీ అమ్మ బస్సు దిగకముందే ఆయనను కూసోబెట్టి ఇది చదివి వినిపియ్యి. లేచి పోబోతె చెయ్యి పట్టి, భుజం కాడికెల్లి మళ్ల చదువు. చిన్నప్పుడు ఆ కాయ ముట్టి ఏడ్చిండు, యాదికుంటది. నేను చీటి సంగతి చెప్పినట్టు సగం చెప్పకు బిడ్డా. పూరా చదువు.