ఎండాకాలం జీతం

గల్లీ సగానికి వచ్చేసరికే హేమ గొంతు ఆరిపోయింది. రాయచూరు మే నెల ఎండ రేకుల కప్పుల మీంచి మొహానికి కొడుతోంది. చేతిలోని కరపత్రాలు చెమటకు తడిసి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. పొద్దున్నుంచి ప్రతి గడప దగ్గరా అదే మాట చెబుతూ వచ్చింది.

"మా స్కూల్ల అందరూ ట్రైనింగ్ అయిన టీచర్లే అమ్మా. సర్కారు బడిల ఎవరు చెప్తరు?"

ఆ ప్రైవేటు బడిలో హేమ లెక్కలు చెబుతుంది. సెలవుల్లో జీతం ఉండదు. తలా పదిమంది పిల్లల్ని చేర్పిస్తే మాత్రం ఏప్రిల్, మే జీతాలిస్తానని యజమాని ప్రాణేశ్ మాటిచ్చాడు. ఈ గల్లీలో కూలిచేసుకునే వాళ్లు ఎక్కువ, పిల్లలూ ఎక్కువ. అందుకే ఈరోజు అతనే వెంట వచ్చాడు.

రైస్ మిల్లులో కూలికి పోయే హులిగెమ్మ ఇద్దరికీ చాప వేసి, చెంబుతో నీళ్లిచ్చింది.

"మా స్ఫూర్తికి నాలుగో తరగతి అయిపోయింది సార్. మీ బడిల ఎయ్యాలని ఉంది. ఈ కమ్మలు అమ్మి ఇర్వై ఎనిమిది వేల ఫీజు కడదామనుకుంటున్న" అంది చెవులు తడుముకుంటూ.

"మంచి పని చేస్తున్నవమ్మా" అన్నాడు ప్రాణేశ్. "సర్కారు మేష్ట్రు అరవై వేలు పగారు తీస్కుంటడు, కుర్చీల కూసుంటడు. మా టీచర్లు పాణం పెట్టి చెప్తరు."

"అట్లనకు సార్. మా మహదేవప్ప మేష్ట్రు బాగ చెప్తడు. కానీ ఆయన్ని బడిల ఉండనియ్యరు. సర్వే అంటరు, ఓట్ల పని అంటరు. ఇంకొకాయన ఉన్నడు గానీ ఎప్పుడూ ఫోనే చూస్కుంట ఉంటడు. ఐదు తరగతులకు ఆ ఇద్దరే. నా బిడ్డ ఊరికెనే పోయి ఊరికెనే వస్తది. దానికోసమే నా బాధ." హులిగెమ్మ హేమ వైపు తిరిగింది. "టీచరమ్మా, లెక్కలు నువ్వే చెప్తవా? ఏడాదంత ఉంటవా?"

చెప్పాల్సిన జవాబు హేమకు కంఠతా వచ్చు. అయినా చేతిలోని కరపత్రాలు చాప మీద పెట్టేసింది. తనకంటే ముందున్న లెక్కల టీచరు బట్టల దుకాణంలో చేరాడు. అంతకు ముందామె బ్యాంకు అప్పుల వసూళ్లకు పోయింది. తను కన్నడ మీడియంలో చదివింది. ఇక్కడి ఇంగ్లీషు మీడియం లెక్కల పాఠాన్ని ముందురోజు బట్టీ పట్టి, మర్నాడు అప్పజెబుతోంది. పిల్లలకు లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో చూసే తీరిక లేదు. ఎలా చూడాలో ఆమెకు ఎవరూ నేర్పనూ లేదు. గైడులో ఉన్న జవాబు బోర్డు మీద రాసేస్తోంది.

"తెల్వదక్కా" అంది చివరికి. "నాకు తొమ్మిది వేలిస్తరు. ఎండాకాలం అది గూడ లేదు. యాడన్న ఎక్కువిస్తే నేను గూడ పోత. పోయినేడు లెక్కలకు ముగ్గురం మారినం. నాకు ట్రైనింగ్ లేదు. పొద్దుగాల్నుంచి ఈ గల్లీల జూటా మాటలు చెప్పుకుంట వస్తున్న."

"ఎండదెబ్బ తగిలినట్టుంది ఈమెకు" అని ప్రాణేశ్ పెద్దగా నవ్వాడు.

హులిగెమ్మ నవ్వలేదు. "క్లాసుకు నలభై మంది తలా ఏడాదికి ఇర్వై ఎనిమిది వేలు కడితే, చెప్పే ఆమెకు నెలకు తొమ్మిది వేలేనా సార్? మిగిలింది యాడికి పోతది?"

"బిల్డింగుంది, బస్సులున్నయి. నీకు తెల్వదమ్మా."

"కమ్మలు చెవులకే ఉండనీ సార్. మహదేవప్ప మేష్ట్రును బడిల ఎందుకు ఉండనిస్తలేరో సర్కారు బడుల ఆఫీసుకు పోయి అడుగుత. ఇంకా మేష్ట్రులను పంపియ్యమంట. ఆ అరవై వేలు మా పైసలే గద!"

మధ్యాహ్నం బడి హాల్లో టీచర్లందరి ముందూ హేమను నిలబెట్టాడు ప్రాణేశ్.

"మళ్లా ఆ ఇంటికి పో. ఒంట్ల బాగలేక తప్పు మాట్లాడిన అని చెప్పు. నీ డిగ్రీ సర్టిఫికెట్ నా బీరువల ఉంది, యాదుంచుకో."

చేరిన రోజే ప్రతి టీచరు దగ్గరా అసలు సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకుంటాడతను. అది లేకుండా వేరే బడిలో ఎవరూ ఉద్యోగమివ్వరు. హేమ బల్ల అంచు పట్టుకుంది.

"ఆ సర్టిఫికెట్ నాది సార్. నాకియ్యండి. ఆ ఇంటికి మాత్రం పోను."

"పోకుంటే ఇంకొకరు పోతరు. అంబమ్మా, ఆ గల్లీ నువ్వు చూస్కో. ఆటో వచ్చింది."

గేటు దగ్గర ఆటో మైకు 'అనుభవం గల ఉపాధ్యాయులు' అని కన్నడంలో ఊదరగొడుతోంది. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించే అంబమ్మ అక్కడున్న వాళ్లలో పెద్దది. లేచి కరపత్రాల కట్ట అందుకుంది. హేమ తలదించుకుంది.

అంబమ్మ ఆ కట్టను తీసుకెళ్లి ప్రాణేశ్ ముందున్న బల్ల మీద పెట్టింది. వచ్చి హేమ పక్కన నిలబడింది.

"నేను గూడ పోను సార్. ముందు ఎండాకాలం పగారియ్యండి. ఈ పిల్ల కాగితం ఈ పిల్లకియ్యండి. అటెన్క మాట్లాడుదం."

ఆటోవాడు హారన్ కొట్టాడు. వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో గల్లీకి పోవడానికి లేచారనుకుని ప్రాణేశ్ ఆశగా అటు చూశాడు. సైన్సు టీచరు తన కుర్చీని ముందుకు లాక్కుని, అంబమ్మ పక్కన వేసుకుని కూర్చుంది.