ప్రొజెక్టరు కింద పాటల పుస్తకాలు

పద్మారావు నగర్‌లోని ఆ చిన్న చర్చి కమిటీకి తెర మీద మోజు పుట్టింది. ఇకనుంచి పాటలన్నీ కంప్యూటర్లో ఎక్కించి గోడ మీద వేస్తారట. పాటల పుస్తకాలేమో సోమవారం మోండా మార్కెట్లో పాత కాగితాల కొట్టుకు పోతాయట. ఈ ఘనకార్యం కార్యదర్శి పాల్‌ది. వారమంతా ఆఫీసులో కంప్యూటర్‌తో తల బాదుకునే మనిషి, ఆదివారం కూడా అదే భాగ్యం కావాలని ఎందుకు కోరుకున్నాడో దేవకృపకు అంతుపట్టలేదు.

దేవకృప లెక్కల టీచరుగా రిటైరైంది. ఆ పుస్తకాలకు అట్టలు వేసిందీ, ఊడిన పేజీలు అంటించిందీ ఆవిడే. అవి తూకానికి పోతాయనేసరికి ప్రాణం ఉసూరుమంది. కమిటీ మీటింగులో లేచి నిలబడింది.

“మా ఇంట్లో మిక్సీ ఉంది పాల్. మీట తిప్పితే తిరుగుతుంది. కొబ్బరి పచ్చడి నిజంగానే చెయ్యదలిచారా అని అడగదు. కుక్కరు రెండు కూతలు కూసి, మూడోదానికి పాస్‌వర్డ్ చెప్పమనదు. మే నెలలో ఫ్యాను ఆగిపోయి, నాకు కొత్త రెక్కలొస్తున్నాయి, అందాకా ఉక్కపోతకు ఓర్చుకోండి అనదు. కుట్టుమిషను మా అత్తగారిది. ఆవిడ పోయాక నేను కూర్చుంటే, మీరెవరు అని అడిగిందా? నీ కంప్యూటర్ బుద్ధులే మా ఇస్త్రీపెట్టెకుంటే ఎప్పుడో కిటికీలోంచి విసిరేసేదాన్ని. అలాంటిదాన్ని నమ్ముకుని పుస్తకాలు పారేస్తారా?”

“పరేషాన్ కాకండి ఆంటీ,” అన్నాడు పాల్. “మొత్తం టెస్ట్ చేసిన. ఎక్కడ ఆగదు.”

పాస్టరు జీవరాజుగారు ఎవరినీ నొప్పించని మనిషి. అందుకని ఎవరికీ ఏదీ తేల్చి చెప్పరు. “ఈ ఆదివారం తెర సవ్యంగా నడిస్తే పుస్తకాలు ఇచ్చేద్దాం. నడవకపోతే మళ్లీ ఆలోచిద్దాం,” అన్నారు.

ఆదివారం మొదటి పాట బ్రహ్మాండంగా నడిచింది. రెండో పాటలో, రెండో చరణం దగ్గర తెర నీలంగా మారింది. అప్‌డేట్ అవుతోంది, పన్నెండు శాతం, దయచేసి ఆపవద్దు అని గోడ మీద కనిపించింది. హార్మోనియం మోగుతూనే ఉంది. జనమంతా నోళ్లు తెరుచుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డారు. అదేమైనా కొత్త పాటా అంటే, అందరూ ఉగ్గుపాలతో నేర్చుకున్నదే. పక్కింటి సలోమి రోజూ అంట్లు తోముతూ పాడేది ఆ పాటే. ఆ సలోమి కూడా పన్నెండు ఎప్పుడు పదమూడవుతుందా అని మహా భక్తిగా చూస్తోంది.

“పుస్తకాలు పంచండి,” అన్నారు పాస్టరుగారు మెల్లిగా.

పాల్ కదల్లేదు. పొద్దున బల్ల ఎత్తు చాలకపోతే, ఎలాగూ పోయేవే కదా అని పుస్తకాల కట్టలన్నీ దానిమీద పేర్చి, వాటి నెత్తిన ప్రొజెక్టరు ఎక్కించాడు. “తీస్తే పడిపోతది అయ్యగారు. జెర ఆగుండి,” అన్నాడు.

దేవకృపకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే చరణం ఎత్తుకుంది. సలోమి ఉలిక్కిపడి గొంతు కలిపింది. తర్వాత వెనక వరసలు, ఆ తర్వాత అందరూ. పాట ముగిసేసరికి గోడ మీద ముప్పై శాతం అయింది. ఇంక తెర పీడ విరగడైనట్టేనని దేవకృప మురిసిపోయింది.

ఆరాధన అయ్యాక పాల్ నవ్వుతూ వచ్చాడు. “చూసిండ్రా ఆంటీ, అందరికి నోటికే వస్తది. మరి గా పుస్తకాలు ఎందుకు?”

దేవకృప నాలిక కరుచుకుంది. తన పాటే తన కేసు చెడగొట్టింది.

“కానీ అయ్యగారు, ఇప్పుడే కబాడా కొట్టుకు ఇయ్యొద్దు,” అన్నాడు పాల్ పాస్టరుగారితో. “కొత్త స్టాండ్ వచ్చేదాక గవి ఉండాలె. లేకుంటే ప్రొజెక్టర్‌కు హైట్ రాదు.” కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఇన్నేళ్ల సేవకు పుస్తకాలకు పీట ఉద్యోగం దొరికింది, అదీ టెంపరరీ. దేవకృపకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. స్టాండు రావడానికి ఈ కమిటీలో ఎన్ని మీటింగులు కావాలో తెలుసు గనక నవ్వే ఎక్కువొచ్చింది.

ఆ పై ఆదివారం నుంచి ఆవిడ అందరికంటే ముందే చర్చికి రావడం మొదలుపెట్టింది. ప్రొజెక్టరు పక్కకు దించి, కట్టల్లోంచి వారానికి కొన్ని పుస్తకాలు లాగి, దాన్ని మళ్లీ ఎక్కించి, ఒకటి సలోమికి, ఒకటి వెనక వరసలో ముసలాయనకు, ఇలా గుట్టుగా చేతిలో పెట్టేది. ప్రతి వారం గోడమీద పాట కాస్త కిందికి దిగేది. ముందు ఆఖరి పంక్తి పూలకుండీల మీద పడింది. తర్వాత పాస్టరుగారి నుదుటి మీద పడింది. పాల్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు, వైర్లు మార్చాడు, ఎవరెవరికో ఫోన్లు చేశాడు.

“సెట్టింగ్‌లనే ఏదో తక్లీఫ్ ఉంది ఆంటీ,” అన్నాడు దిగులుగా.

“నిదానంగా చూసుకో నాయనా,” అంది దేవకృప జాలిగా.

మొన్న ఆదివారం పాట సగం నేలమీద పడింది. వరసల్లో ఒక్కొక్కరే పుస్తకాలు తెరిచారు. పాల్ కాసేపు నేలవంక చూశాడు, కాసేపు జనాన్ని చూశాడు. చివరికి దేవకృప దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆంటీ, ఇంకో పుస్తకం ఉందా?”

“ఉంది, ఉండు,” అంది దేవకృప, ప్రొజెక్టరు వైపు నడుస్తూ.