కుళాయి నీళ్ళ సీసా

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. మీ అమ్మ చదువు నా చేతులమీదుగా గంగలో కలవబోయిన రోజు గురించి చెబుతాను.

అప్పట్లో నేను కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగేదాన్ని. మీ అమ్మ అక్కడే పరిశోధన చేసేది. ఆకు అడుగున కంటికి ఆనని నోళ్ళుంటాయట. వెలుతురు తగిలితే విచ్చుకుంటాయట. ఆరోజు పదకొండింటికి పరీక్ష చేసే పెద్దావిడ వచ్చి, ఆ విచ్చుకున్న నోళ్ళను కళ్ళారా చూడాలి. అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ చూపించకపోతే సీటు పోయినట్టే.

ఎనిమిదింటికి మీ అమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక్కటీ తెరుచుకోలేదమ్మా. తెల్లారినప్పటి నుంచీ దీపం కిందే ఉన్నాయి."

"దీపం పాడైందేమో."

"కొత్తదే. నీళ్ళలో కాల్షియం పడుండాలి. అది ఉంటే వెలుతురు ఎంత బతిమాలినా నోరు విప్పవు."

"అదేంటే?"

"సున్నంలో ఉండేదే. కుళాయి నీళ్ళు కాస్తే గిన్నెకు తెల్లగా పట్టదూ, అది."

కుళాయి అనేసరికి నాకు వెలిగింది. ముందురోజు డిస్టిల్డ్ వాటర్ సీసా ఖాళీ అయింది. ఆ నీళ్ళు పట్టే యంత్రం మూడో అంతస్తులో. నాకేమో మోకాళ్ళ నొప్పి. నీళ్ళు నీళ్ళే కదా అని కుళాయి కింద పట్టేశాను. చెబితే నా పని ఊడుతుంది, చెప్పకపోతే దాని చదువు. పక్కనే ల్యాబు పెద్ద, మేడం, నిలబడి ఉంది.

"ఆ సీసా కుళాయి దగ్గర నింపింది నేనే," అన్నాను.

మేడం కళ్ళద్దాలు తీసింది. "పదేళ్ళుగా కడుగుతున్నారు, ఆమాత్రం తెలీదా?"

"కడగడం తెలుసండీ. ఆకు ఏం తాగుతుందో తెలీదు."

మూడంతస్తులూ నేనే ఎక్కి నీళ్ళు తెచ్చాను. మీ అమ్మ కొత్తగా మందు కలిపి, ఆకు పొర తీసి అందులో తేల్చి, దీపం కింద పెట్టేసరికి ఎనిమిదిన్నర. పాత పొర తేలుతున్న కుళాయి నీళ్ళ గిన్నె నేను పారబోయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అమ్మా."

పదకొండింటికి పెద్దావిడ వచ్చి, మొదట పాత పొర చూసింది. "మూసుకునే ఉన్నాయే."

"అది కుళాయి నీళ్ళదండీ. ఇప్పుడిది చూడండి."

ఆవిడ వంగింది. ఎంతకీ లేవదు. నేను చేతిలో గుడ్డ పిండీ పిండీ పీలికలు చేశాను.

"బాగా విచ్చుకున్నాయి," అంది చివరికి. "కుళాయి నీళ్ళతో కూడా చూడాలని ఎవరికి తట్టింది?"

"మా అమ్మకండీ," అంది మీ అమ్మ. మేడంకు దగ్గొచ్చింది.

ఇది మరిచిపోకు. రేపు నీ పిల్లలకూ చెప్పు. సీసా నింపింది నేనేనని దాచొద్దు. కాకపోతే, మోకాళ్ళ నొప్పి సంగతి కూడా కలిపి చెప్పు.