జనపనార చుట్టిన సీసా

గ్రీసులోని పిరేయస్ రేవు వెనకసందులో ఓడల నూనె పరీక్షించే గదిలో కల్లిరోయి ఉద్యోగం. ఇంజనులో తిరిగిన నూనెను చూసి, లోపల ఏది అరుగుతోందో ముందే చెప్పాలి. నెత్తురు చూసి రోగం చెప్పడం లాంటిదే అనుకోండి.

ఆ ఉదయం ఎవ్‌దోకియా అనే ఓడ నుంచి రెండు సీసాలొచ్చాయి. ఒకదాని మీద ఆ ఓడలో ఇంజనీరుగా ఉన్న తమ్ముడు స్ట్రాటిస్ రాత. రెండోదానికి చీటీయే లేదు. దాని మూత కింద జనపనార పీచు చుట్టి ఉంది. పట్టుకుంటే వెచ్చగా తగిలింది.

నూనె కారకుండా అలా పీచు చుట్టే చాదస్తం కల్లిరోయి ఎరిగినంతలో తండ్రి పాండెలిస్ ఒక్కడిదే. ఆ ఓడలోనే బేరింగు మాడి, నూనె ఆవిరి పేలి చనిపోయాడాయన. పూడ్చడానికి టోపీ తప్ప ఏమీ దొరకలేదు.

వెంటనే రెండూ పరీక్షించింది. తమ్ముడి నూనె మహా శుభ్రం, ఇంజను మొహమే చూడనంత శుభ్రం. చీటీ లేనిదాని నిండా తగరం, సీసం పొడి. బేరింగు పొర రాలిపోతోందన్నమాట. ఓడేమో మధ్యాహ్నానికి బయల్దేరుతుంది.

ఫోన్ చేసి నిలదీస్తే స్ట్రాటిస్ నీళ్ళు నమిలాడు. రేవులోకొచ్చేటప్పుడే, ఇంజను తిరుగుతుండగా, మొదటి ధార పారబోసి పట్టాల్సిన నూనె. చెయ్యి కాలుతుందని కొత్త పీపాలోంచి నింపేశాడట. అందరూ చేసేదేనట! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మరి రెండోది ఎవరు పట్టార్రా?"

"నేను పంపింది ఒక్కటేనక్కా. ఒట్టు."

పీచు సంగతి చెప్పింది. బేరింగు విప్పి చూడందే ఓడ కదలనివ్వొద్దంటే, స్ట్రాటిస్ పెద్ద ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాడు.

ఆడపిల్ల మాటకు ఓడ ఆపాలా అని పెద్ద ఇంజనీరు సణిగాడట. సణుగుతూనే ఇంజను మూత విప్పించాడు. బేరింగు పొర పెచ్చులు పెచ్చులుగా చేతిలోకి ఊడొచ్చింది. రేవు దాటి ఉంటే ఆ ఇంజను గదిలో ఒక్కడూ మిగిలేవాడు కాదు.

సాయంత్రం స్ట్రాటిస్ ఫోన్ చేసి వెక్కివెక్కి ఏడ్చాడు. కల్లిరోయి ఒళ్ళోని సీసా ఇంకా వెచ్చగానే ఉంది.

"ఏడవకు," అంది. "ఇకనుంచి నువ్వే పట్టు. చెయ్యి కాలితే కాలనీ. నాన్నని మళ్ళీ ఆ గదిలోకి దింపకురా."