తలుపు కనబడే అంచు

“సూది గంత చిన్నగుంటది, ఇంట్ల పట్టదా?” అన్నాడు మా ఆయన, పప్పన్నం కలుపుకుంటూ.

సూది పడుతుంది, బొంత పట్టదు. మాది ఒక్కటే గది. బొంత పరిస్తే పొయ్యి బయటికి పోవాలి. అందుకే ఛత్రినాకలో మా గల్లీ ఆడవాళ్లం, మూతపడ్డ బొగ్గుల దుకాణం అరుగును నాలుగు రోజులు కడిగి, మధ్యాహ్నాలు అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాం. ఇంటికొక పాత చీర తెచ్చి పొరలుగా పరిచి, నాలుగు అంచుల నుంచి మధ్యకు కుట్టుకుంటూ వస్తాం. ఏ ఇంట్లో కాన్పయితే బొంత ఆ ఇంటికి పోతుంది. ఈసారి మా అందరికీ అక్కలాంటి బిల్కీస్ ఆపా కూతురు రఫియాకు. నెలలు నిండాయి.

నేనెప్పుడూ మా తలుపు కనబడే అంచునే కూర్చునేదాన్ని. మా చిన్నపిల్ల కళావతి ఆడుకుంటూ మోరీ కాలువలో పడుతుందేమో, పొయ్యి కాడికి పోతుందేమో, ఆయన కోర్టు డ్యూటీ నుంచి తొందరగా వస్తే తలుపు తీసేవాళ్లు లేరని అంటాడేమో. ఐదు కుట్లకొకసారి తలెత్తేదాన్ని. నా వరస వంకరపోయేది. “నీ కుట్లు షాలిబండ దాకా పోతున్నయి నాగమణీ,” అని ఆపా నవ్వేది.

అంతలో మతాల గొడవలై కర్ఫ్యూ పెట్టారు. ఆరు రోజులకు ఎత్తేసేసరికి ఆదివారం వచ్చింది. అరుగు మీద మా ఆయన, పక్కింటి భిక్షపతన్న, ఇంకో ఇద్దరు పేకాటకు కూర్చున్నారు.

“మీరు పనిలేక కూసుంటరు. మేం పనిచేసి అలిసొచ్చి కూసుంటం,” అన్నాడాయన. నేను అలిసిపోయి కూర్చున్నది ఎప్పుడో గుర్తుచేసుకోబోయాను. తట్టలేదు.

“దినాలు మంచిగ లేవు. మన చీర ఊడదీసుకొని తే,” అంది వెనక గల్లీలో ఉండే మా అత్త.

కత్తెర పట్టుకుని ఆపా ఇంటికి పోయాను. భయమే తోలింది. కత్తెర చూసి ఆపా పెట్టె తెరిచింది. బొంత తెచ్చి నా ముందు పెట్టింది.

“నీ చీర నీదే, తీస్కో. గానీ ఈడ చీకటుంది, నాది గూడ కోస్తవు. వాకిట్లకు రా.”

వెలుతురులో నా అంచు వెతికాను. నా వంకర వరసల పక్కనే సన్నగా, తిన్నగా కొత్త వరసలున్నాయి.

“నా అంచు ఎవరు కుట్టిన్రు ఆపా?”

“ఆరు దినాలు ఇంట్లనే ఉంటిమి. రఫియా కాన్పు ఆగుతదా?” అంది. “నువ్వొస్తవో రావో అని ఫికరైంది. నీకే కాదు, నాకూ భయమైతది.”

కత్తెర కొంగున చుట్టాను. బొంతను చెరో కొస పట్టుకుని అరుగు దగ్గరికి నడిచాం.

“జర జరుగున్రి, బొంత పరవాలె,” అన్నాను.

భిక్షపతన్న పేకముక్కలు దగ్గరికి తీసుకున్నాడు. మా ఆయన కదల్లేదు.

“ఇంట్ల పిల్ల ఒక్కతే ఉన్నది, సోయి ఉన్నదా?”

“ఉన్నది. మీరున్నరు గద, పోయి చూడున్రి.”

ఆయన ముక్కలు కింద పెట్టి చెప్పులు వెతుక్కున్నాడు.

ఎప్పటిలాగే తలుపు కనబడే అంచు ఆపా నాకు వదిలింది. నేను అవతలికి పోయి, మా ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాను. ప్రాణమంతా వీపులోనే ఉంది. అయినా పదిహేను కుట్ల దాకా తల తిప్పలేదు.